ఒడ్డెక్కిన ఓడ... గట్టెక్కేదెలా?

మనిషి ఒడ్డున పడితే బతికాడంటాం. ఓడ ఒడ్డున పడితే మాత్రం అసలు కష్టాలు అప్పుడే మొదలవుతాయి. ప్రపంచంలోనే అతి పెద్ద ఓడల్లో ఒకటి అలా ఇరుక్కుని ఆరు రోజుల్లో బయటపడింది. మన విశాఖ తీరానికి కొట్టుకొచ్చిన చిన్న ఓడ మాత్రం మళ్లీ సముద్రం ముఖం చూడలేదు. ఎందుకలా?

2020 అక్టోబరు 13, మంగళవారం రాత్రి. శంషాబాద్‌ విమానాశ్రయానికి వెళ్లే దారిలో గగన్‌పహాడ్‌ దగ్గర అప్పా చెరువు కట్టలు దాటింది. చూస్తుండగానే బెంగళూరు హైవే ఏరైపోయింది. కార్లు, లారీలు అగ్గిపెట్టెల్లా కొట్టుకుపోయాయి. ప్రాణాలూ పోయాయి. సముద్రం చూడాలంటే రోడ్డు దారిన మూడొందల కిలోమీటర్లు దాటాల్సిన చోట, జనం నడిరోడ్డు మీద నీళ్లలో చిక్కుకున్నారు.

ఆ వానను మోసుకొచ్చిన తీవ్ర వాయుగుండం అదే రోజు తెల్లవారుజామున కాకినాడ దగ్గర తీరం దాటింది. దాటడానికి ముందు మరో పని చేసింది. విశాఖ రేవు బయట లంగరేసి ఉన్న ఒక ఓడను గాలికి, అలలకు అప్పగించింది. తెల్లారేసరికి ఆ ఓడ తెన్నేటి పార్కు కింద ఒడ్డున ఉంది. బంగ్లాదేశ్‌ జెండాతో తిరిగే సరకు ఓడ. పేరు ‘ఎం.వి. మా’.

గగన్‌పహాడ్‌లో నీళ్లు తీశాక కార్లను క్రేన్లు పెట్టి ఎత్తేశారు. విశాఖలో ఓడ మాత్రం అలాగే ఉండిపోయింది. నెలలు కాదు, ఏళ్లు.

లంగరు వేశాక కూడానా?

లంగరంత బరువుంది కదా, వేశాక ఓడ ఎక్కడికి పోతుందని మనకు అనిపిస్తుంది. నిజానికి ఓడను పట్టి ఉంచేది ఒక్క లంగరు బరువు కాదు. దానికి కట్టిన లావుపాటి ఇనుప గొలుసు సముద్రం అడుగున చాలా దూరం పరుచుకుని ఉంటుంది. ఓడ ఎటు కదిలినా ఆ గొలుసు లంగరును అడ్డంగా లాగుతుంది. అడ్డంగా లాగినంత సేపూ లంగరు కొక్కేలు మట్టిలోకి ఇంకా దిగబడతాయి.

పెద్ద అలలు వచ్చాయంటే లెక్క తప్పుతుంది. అల ఓడను పైకెత్తుతుంది. నేల మీద ఉన్న గొలుసు కూడా లేస్తుంది. అప్పుడు లంగరును లాగేది పక్కకు కాదు, పైకి. నేలలోంచి గునపం పెకలించినట్టు లంగరు ఊడి వస్తుంది. ఇక ఓడ దాన్ని ఈడ్చుకుంటూ గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందుకే తుపాను హెచ్చరిక రాగానే రేవు అధికారులు చాలా ఓడల్ని నడి సముద్రంలోకి వెళ్లిపొమ్మంటారు. తుపానులో ఓడకు ఒడ్డే పెద్ద శత్రువు.

‘మా’లో 15 మంది సిబ్బంది ఉన్నారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. అది చిన్న విషయం కాదు. 2012 అక్టోబరు 31న నీలం తుపాను రోజున చెన్నై బీసెంట్‌ నగర్‌ తీరంలో ‘ప్రతిభా కావేరి’ అనే ఆయిల్‌ ట్యాంకర్‌ ఇలాగే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. భయపడి లైఫ్‌బోటులో దిగినవాళ్లలో కొందరు, బోటు తిరగబడి అలల్లో కొట్టుకుపోయి చనిపోయారు. ఓడలోనే ఉండిపోయినవాళ్లు బతికారు. ఇసుకలో కూరుకున్న ఓడ ఎంత అసహాయంగా కనిపించినా, ఆ సమయానికి అంతకన్నా భద్రమైన చోటు దగ్గర్లో లేదన్నమాట.

కంగారుపడి వెనక్కి తిప్పితే...

ఓడ నేలకు తగలగానే కెప్టెన్‌కు పుట్టే మొదటి ఆలోచన ఏమిటి? బురదలో దిగబడ్డ కారు డ్రైవరుకు వచ్చేదే... ఇంజను పూర్తి వేగంతో వెనక్కి తిప్పడం! చాలాసార్లు అదే కొంప ముంచుతుంది. అడుగున చిల్లు పడి ఉంటే, ఓడ నేల వదిలిన మరుక్షణం మునిగిపోవచ్చు. ప్రొపెల్లర్‌ ఎగజిమ్మిన ఇసుక ఇంజనును చల్లబరిచే నీటి గొట్టాల్లోకి చేరి ఇంజనే ఆగిపోవచ్చు.

అందుకే ముందు తూకం. ఓడ చుట్టూ ఎన్ని మీటర్ల నీళ్లున్నాయి, అడుగున ఇసుకా బండా, ఏ గదిలోకి నీళ్లొచ్చాయి, మళ్లీ పెద్ద పోటు ఎప్పుడు... ఇవన్నీ రాసుకోవాలి. గాలి ఇంకా ఒడ్డు వైపే వీస్తుంటే నిపుణులు ఒక్కోసారి విచిత్రమైన పని చేస్తారు. ఓడ అడుగున ఉండే ట్యాంకుల్లోకి కావాలనే సముద్రపు నీళ్లు నింపి ఇంకా బరువెక్కిస్తారు. ‘కదలకుండా అక్కడే కూర్చో’ అని చెప్పడమన్నమాట. తేలికగా ఉంటే ప్రతి అలా దాన్ని ఎత్తి ఇంకాస్త ఒడ్డు మీదకు విసిరేస్తుంది. ఎత్తిన ప్రతిసారీ కింద పడేస్తుంది కూడా. వేల టన్నుల ఇనుము అలా రోజుకు కొన్ని వేలసార్లు నేలకు కొట్టుకుంటే అడుగు రేకులు ఎన్నాళ్లు నిలుస్తాయి?

తర్వాతి పని చమురు తోడెయ్యడం. ఓడ పోయినా ఫర్వాలేదు, తీరం పాడవకూడదు. ‘మా’ విషయంలో కూడా ట్యాంకుల్లోని ఇంధనాన్ని బయటకు తీశారు. ఆ మేరకు విశాఖ బీచ్‌ అదృష్టవంతురాలు.

శంషాబాద్‌ రన్‌వే మీద ఓడ!

ఇంత చిన్న ఓడకే ఇన్ని తిప్పలా అనిపిస్తే, అయిదు నెలలు దాటాక ఈజిప్టులోని సూయెజ్‌ కాలువలో జరిగింది చూడాలి. 2021 మార్చి 23 ఉదయం. ఎడారి నుంచి ఇసుక గాలి బలంగా వీస్తోంది. చైనా, మలేషియాల నుంచి నెదర్లాండ్స్‌ వెళ్తున్న ‘ఎవర్‌ గివెన్‌’ కాలువలో అడ్డం తిరిగి, ముక్కును ఒక గట్టులోకి గుచ్చుకుని, తోకను రెండో గట్టుకు ఆనించి ఆగిపోయింది.

ఎంత పెద్దదంటే... పొడవు 400 మీటర్లు, వెడల్పు 59 మీటర్లు. శంషాబాద్‌ ప్రధాన రన్‌వే పొడవు 4,260 మీటర్లు, వెడల్పు 60 మీటర్లు. అంటే ఆ ఓడను రన్‌వే మీద పెడితే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సరిపోతుంది. వరసగా పెట్టుకుంటూ పోతే పదికి మించి పట్టవు. ఇక బరువు. 2016 మే నెలలో ఆంటొనోవ్‌ ‘మ్రియా’ విమానం శంషాబాద్‌లో దిగితే జనం ఎగబడి చూశారు గుర్తుందా? అప్పటికి ప్రపంచంలో అదే అతి బరువైన విమానం, నిండా నింపితే 640 టన్నులు. సరకుతో సహా ఎవర్‌ గివెన్‌ తూగేది దాదాపు 2 లక్షల 20 వేల టన్నులు. అంటే సుమారు 340 మ్రియాలు!

అంతటి ఓడకు గాలి ఒక లెక్కా? లెక్కే. డెక్‌ మీద అంతస్తులు అంతస్తులుగా పేర్చిన కంటెయినర్లు గాలికి తెరచాపలా పనిచేస్తాయి. పైగా సన్నటి కాలువలో గట్టుకు దగ్గరగా పోతుంటే ఓడకూ గట్టుకూ మధ్య నీళ్లు వేగంగా పరిగెత్తి, ఓడ తోకను గట్టు వైపు లాగేస్తాయి. ముక్కు అవతలి గట్టు వైపు తిరుగుతుంది. ఒకసారి తిరగడం మొదలయ్యాక 2 లక్షల టన్నులను ఆపేదెవరు?

ప్రపంచ వ్యాపారంలో దాదాపు 12 శాతం నడిచే దారి మూతపడింది. వెనక ఓడల క్యూ పెరిగింది. కాలువ యాజమాన్యం లెక్క ప్రకారం చివరికి 422 ఓడలు ఆగిపోయాయి.

ఒక ప్రొక్లెయినర్‌, ఒక పున్నమి

ఆ రోజుల్లో ప్రపంచమంతా చూసి నవ్వుకున్న ఫొటో ఒకటుంది. కొండంత ఓడ ముక్కు కింద చీమంత పసుపుపచ్చ ప్రొక్లెయినర్‌ మట్టి తవ్వుతోంది. నవ్వులాటగా కనిపించినా ఆ యంత్రం చేసింది అవసరమైన పనే. ముక్కు కింది ఉబ్బెత్తు భాగం గట్టు రాళ్లలో ఇరుక్కుపోయింది. దాన్ని విడిపించకుండా లాగితే రేకు చిరుగుతుంది. నీళ్లలో ‘మష్హూర్‌’ అనే డ్రెడ్జర్‌ మరో పక్క ఇసుకను పీల్చిపారేసింది. మొత్తం సుమారు 30 వేల ఘనపు మీటర్ల ఇసుక, మట్టి. మన టిప్పర్లలో చెప్పాలంటే మూడు వేల లోడ్లు!

నెదర్లాండ్స్‌కు చెందిన స్మిట్‌ సాల్వేజ్‌, జపాన్‌కు చెందిన నిప్పన్‌ సాల్వేజ్‌ నిపుణులను రప్పించారు. వాళ్లను భయపెట్టింది ఇరుక్కున్న రెండు కొసలు కాదు, మధ్య భాగం. ముక్కూ తోకా గట్ల మీద ఆనుకుని ఉన్నాయి. పాటు సమయంలో నీళ్లు తగ్గితే మధ్యలో ఆసరా తగ్గుతుంది. పైన 18 వేల పైచిలుకు కంటెయినర్ల బరువు. రెండు స్టూళ్ల మీద పెట్టిన చెక్క మధ్యలో మనిషి కూర్చున్నట్టు... నడుం విరిగితే ఆ కాలువ ఎన్ని నెలలు మూతపడేదో!

కంటెయినర్లు దించేస్తే తేలికవదా? అవుతుంది. కానీ ఆ ఎత్తుకు అందే క్రేనును ఎడారి మధ్యలోకి తేవాలి. ఒక్కొక్కటే ఎత్తాలి. వారాలు పడుతుంది. అందుకని దాన్ని ఆఖరి ఉపాయంగా పక్కన పెట్టి, ఓడలోని నీటి ట్యాంకుల నుంచి సుమారు 9 వేల టన్నుల నీళ్లు తోడేశారు. డజనుకు పైగా టగ్గులు తాళ్లు బిగించి, కొన్ని లాగుతూ కొన్ని నెడుతూ నిలబడ్డాయి.

ఇంత చేసినా ఓడ కదిలింది మనుషులు కోరినప్పుడు కాదు. చంద్రుడు ఒప్పుకున్నప్పుడు. మార్చి 28 రాత్రి ఫాల్గుణ పున్నమి. మన దగ్గర కాముని దహనం చేసే కాముని పున్నమి. పున్నమికి, అమావాస్యకు సూర్యచంద్రులు భూమితో ఒకే వరసలోకి వస్తారు. రెండింటి ఆకర్షణా కలిసి సముద్రపు పోటు మామూలుకన్నా ఎక్కువగా ఉంటుంది. విశాఖ జాలరిని ఎవర్నడిగినా చెప్పే సంగతే ఇది. ఆ పోటు మీద 29 తెల్లవారుజామున తోక భాగం గట్టు వదిలింది. మధ్యాహ్నం మళ్లీ పోటు వచ్చేదాకా ఆగి, టగ్గులన్నీ ఒక్కసారి లాగితే 3 గంటల 5 నిమిషాలకు ముక్కు కూడా బయటికొచ్చింది. టగ్గుల సైరన్లతో కాలువ మార్మోగింది. ఆ సంబరాల మధ్య ఒక విషాదం మరుగున పడింది. సహాయక చర్యల్లో పడవ మునిగి తమ ఉద్యోగి ఒకరు చనిపోయినట్టు కాలువ యాజమాన్యం తర్వాతెప్పుడో వెల్లడించింది.

(బలం కన్నా ఉపాయం గొప్పదనడానికి అంత దూరం పోనక్కర్లేదు. 2022 నవంబరులో హైదరాబాద్‌లో హోటలుగా మార్చడానికి కేరళ నుంచి ట్రైలరు మీద తెస్తున్న పాత ఎయిర్‌బస్‌ విమానం బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్‌ కింద ఇరుక్కుంది. అంతకుముందు కేరళలో ఒక వంతెన కింద ఇరుక్కుంటే ట్రైలరు టైర్లలో గాలి తీసేసి బయటికి తెచ్చారు. విమానాన్ని దించలేరు, వంతెనను ఎత్తలేరు... మధ్యలో దొరికిన జానెడు సందే దారి!)

మరి విశాఖలో ఏమైంది?

‘మా’ పొడవు దాదాపు 80 మీటర్లు. ఎవర్‌ గివెన్‌లో అయిదో వంతు. దాన్ని లాగలేకపోయారా?

మొదటి కారణం నేల. సూయెజ్‌లో ఉన్నది చాలావరకు ఇసుక, బంకమట్టి. తవ్వితే వస్తుంది. చెన్నైలో ప్రతిభా కావేరి దిగింది కూడా ఇసుక తిన్నె మీదే. అందుకే నవంబరు రెండో వారానికల్లా టగ్గులు దాన్ని లోపలికి లాక్కెళ్లగలిగాయి. తెన్నేటి పార్కు కింద తీరం అలా కాదు. అక్కడ నడిచినవాళ్లకు తెలుసు, ఇసుక కన్నా బండలెక్కువ. బండల మధ్య కూర్చున్న ఓడను బలంగా లాగితే అడుగు చీరుకుపోతుంది. తవ్వుదామంటే బండను డ్రెడ్జర్‌ పీల్చలేదు.

రెండోది పోటు. గుజరాత్‌లోని అలంగ్‌ తీరంలో పోటుకూ పాటుకూ తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. అందుకే పాత ఓడల్ని పెద్ద పోటు రోజున పూర్తి వేగంతో నడిపించి కావాలనే ఒడ్డెక్కించి, నీళ్లు తీశాక విప్పేస్తారు. విశాఖలో పున్నమి రోజున కూడా ఆ తేడా మీటరున్నరకు అటూ ఇటే. తుపాను రోజున గాలికి ఉబ్బిన సముద్రం, పెద్ద అలలు కలిసి ఓడను ఎక్కడికో తెచ్చి కూర్చోబెడతాయి. ఆ ఎత్తుకు నీళ్లు మళ్లీ రావాలంటే మళ్లీ అంత తుపాను రావాలి!

మూడోది, అన్నిటికన్నా గట్టిది... డబ్బు. ఓడల్ని విడిపించే వ్యాపారంలో ‘లాయిడ్స్‌ ఓపెన్‌ ఫామ్‌’ అని ఒక పేరున్న ఒప్పందం ఉంది. కాగితం చిన్నదే, సారాంశం ఇంకా చిన్నది. విడిపిస్తే ప్రతిఫలం, విడిపించలేకపోతే ఏమీ లేదు. ఆ ప్రతిఫలం కూడా దక్కిన ఓడ, సరకు విలువను బట్టే ఉంటుంది. ఎవర్‌ గివెన్‌లో ఉన్న సరకు విలువ వేల కోట్లు. అలాంటి ఓడ కోసం సముద్రాలు దాటి టగ్గులొస్తాయి. చిన్న పాత ఓడ కోసం ఎవరొస్తారు? బయటికి తీసే ఖర్చు ఓడ ధరను మించిందంటే యజమాని చేతులెత్తేస్తాడు. పాత స్కూటరు రిపేరుకు పదివేలు అడిగితే మనం చేసేదీ అదే కదా.

టగ్గుతో లాగే ప్రయత్నాలు ఫలించకపోవడంతో ‘మా’ కథ కూడా అక్కడికే వచ్చింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌ పర్యాటక శాఖకు ఒక ఆలోచన తట్టింది. ఎలాగూ కదలదు, దాన్నే హోటలు చేస్తే? బీచ్‌ రోడ్డు మీద ఓడ హోటలు అనగానే ఊరంతా ముచ్చటపడింది. తీరప్రాంత అనుమతులు, ఖర్చు లెక్కల మధ్య ఏళ్లు గడిచాయి. ఈలోగా తుప్పు తన పని తాను చేసుకుపోయింది. సెల్ఫీలు దిగేవాళ్లకు మాత్రం కొరత రాలేదు. విశాఖ వెళ్లిన హైదరాబాదీల ఫోన్లలో రుషికొండ, కైలాసగిరితో పాటు ఒరిగిన ఓడ ఫొటో కూడా ఉండేది.

ఓడ బయటికి... మనుషులు లోపలే

ఎవర్‌ గివెన్‌ తేలగానే కథ సుఖాంతమైందని అందరూ టీవీలు కట్టేశారు. అందులో ఉన్న 25 మంది సిబ్బందీ భారతీయులే. వాళ్లకు కథ అయిపోలేదు. నష్టపరిహారంగా 91.6 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 6,800 కోట్ల రూపాయలు కట్టేదాకా ఓడను వదిలేది లేదని ఈజిప్టు పట్టుబట్టింది. కాలువ మధ్యలోని గ్రేట్‌ బిట్టర్‌ సరస్సులో ఓడను ఆపేశారు. బేరసారాలు సాగాయి. తగ్గించి 55 కోట్ల డాలర్లన్నారు. చివరికి ఎంతకు కుదిరిందో పైకి చెప్పలేదు. జులై 7న ఓడ కదిలింది. అప్పటికి ఇరుక్కుని వంద రోజులు దాటింది.

సరకు యజమానులకు కూడా షాక్‌ తగిలింది. సముద్ర వ్యాపారంలో ‘జనరల్‌ యావరేజ్‌’ అని ఒక ప్రాచీన నియమం ఉంది. ఓడను కాపాడటానికి పెట్టిన అసాధారణ ఖర్చును ఓడ యజమాని, అందులో సరకున్న ప్రతి ఒక్కరూ విలువను బట్టి పంచుకోవాలి. తన కంటెయినర్‌కు గీత కూడా పడకపోయినా సరే, పూచీకత్తు ఇస్తేనే సరకు చేతికొస్తుంది.

శంషాబాద్‌ విమానాశ్రయం డిపార్చర్‌ గేట్ల దగ్గర పెద్ద పెద్ద బ్యాగులతో, దుబాయ్‌కో సింగపూర్‌కో వెళ్తూ కనిపించే కుర్రాళ్లందరూ సాఫ్ట్‌వేరు వాళ్లే కానక్కర్లేదు. మర్చంట్‌ నేవీలో పనిచేసేవాళ్లు ఓడ ఏ దేశం రేవులో ఉంటే అక్కడికి విమానంలో వెళ్లే ఎక్కుతారు. కొన్ని నెలల కాంట్రాక్టు. అది అయ్యాక మరో రేవులో దిగి మళ్లీ విమానంలో ఇంటికి. ఓడ ఇరుక్కుంటే ఆ లెక్కంతా తలకిందులు. సూయెజ్‌ దగ్గరే ‘అమన్‌’ అనే మరో ఓడ 2017లో బాకీల గొడవల్లో చిక్కింది. అందులో ఉన్న సిరియా అధికారిని కోర్టు ఓడకు ‘సంరక్షకుడి’గా పెట్టింది. పాస్‌పోర్టు తీసుకున్నారు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కరెంటు లేని ఓడలో అతనొక్కడే మిగిలాడు. 2020 మార్చిలో గాలివానకు ఆ ఓడ లంగరు తెంపుకుని తీరానికి కొన్ని వందల మీటర్ల దూరంలో ఇరుక్కుంది. అదే అతనికి మేలైంది! అప్పటినుంచి ఈదుకుంటూ ఒడ్డుకు వెళ్లి తిండి, నీళ్లు తెచ్చుకునేవాడు. ఫోను ఛార్జింగు పెట్టుకునేవాడు. దాదాపు నాలుగేళ్లకు, 2021 ఏప్రిల్లో ఇంటికి వెళ్లగలిగాడు. ఎవర్‌ గివెన్‌ మీద ప్రపంచమంతా మాట్లాడుకున్న ఆ వారం కూడా అతను అక్కడే ఉన్నాడు.

మళ్లీ పున్నమికే...

ఎవర్‌ గివెన్‌ 2021 ఆగస్టులో యూరప్‌ నుంచి తిరిగొస్తూ అదే సూయెజ్‌ కాలువ దాటింది. ఈసారి టగ్గులు తోడు వచ్చాయి.

కానీ అదే ఎవర్‌గ్రీన్‌ కంపెనీ ఓడ ఇంకొకటి, ‘ఎవర్‌ ఫార్వర్డ్‌’, 2022 మార్చి 13న అమెరికాలో బాల్టిమోర్‌ రేవు నుంచి బయల్దేరిన కాసేపటికే మలుపు తిరగకుండా నేరుగా పోయి చెసాపీక్‌ అఖాతం బురదలో కూరుకుంది. మలుపు వచ్చే సమయానికి దారి చూపాల్సిన పైలట్‌ సెల్‌ఫోనులో మునిగి ఉన్నాడని ఆ దేశ కోస్ట్‌గార్డ్‌ విచారణలో తేలింది. బురద ఓడ అడుగును జలగలా పట్టేసింది. తవ్వారు, లాగారు, కదల్లేదు. సూయెజ్‌లో తప్పిపోయిన పని ఇక్కడ తప్పలేదు. క్రేన్లు తెచ్చి 500 కంటెయినర్లు దించారు. అయినా తొందరపడకుండా ఆగారు. ఏప్రిల్‌ 16న చైత్ర పున్నమి. 17 ఉదయం పోటు మీద ఓడ తేలింది. ఇరుక్కున్న 35వ రోజున.